కోమో సరస్సు మీద రెండు పెళ్లిళ్లు

లేక్ కోమో అనగానే మన హాస్టల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఒక పెళ్లి. 2018 నవంబర్‌లో దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్ ఇటలీ వెళ్లి, ఆ సరస్సు ఒడ్డున ఉన్న విల్లా దెల్ బాల్బియానెల్లోలో పెళ్లి చేసుకున్నారు. 14న కొంకణీ పద్ధతి, 15న సింధీ పద్ధతి. నేనప్పుడు ఏడో తరగతి. ఆ ఫొటోలు బయటికి రాగానే మా క్లాసులో సగంమంది అమ్మాయిలు తమ పెళ్లి వెన్యూ ఫిక్స్ చేసేసుకున్నారు. పెళ్లికొడుకు సంగతి తర్వాత.

అదే ఇటలీలో స్కూలు చదివినవాళ్లని అడగండి. కోమో సరస్సు, పెళ్లి అనే రెండు మాటలు కలిపి వింటే వాళ్లకి గుర్తొచ్చేది ఇంకో పెళ్లి. ఊరి దొర అడ్డుపడి ఆపించిన పెళ్లి. అది ఒక నవలలోది, దాని సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తా, నచ్చనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. మనం కోమోకి వెళ్తున్నది మొదటి పెళ్లి ఫొటోలు చూసి. కానీ అక్కడ సెలవులు గడపడమంటే రెండో పెళ్లివాళ్ల ఊళ్లలో నాలుగు రోజులు ఉండటం. విల్లా గేటు ముందు ఫొటో దిగి సాయంత్రానికి రైలెక్కేస్తే మనం చూసొచ్చింది వేరేవాళ్ల డబ్బుని మాత్రమే.

పోయినేడాది జూన్‌లో నేనూ అమ్మా ఆరు రోజులు అక్కడ ఉన్నాం. మేమేం బాగా ఉన్నవాళ్లం కాదు. మా పెద్దమ్మ కూతురు లెక్కో అనే ఊళ్లో ఎంఎస్ చేస్తోంది. మిలాన్ పాలిటెక్నిక్ యూనివర్సిటీకి అక్కడ ఒక క్యాంపస్ ఉంది. అక్క ఉంది కాబట్టి హోటల్ ఖర్చు లేదు. మనిషికి 90 యూరోల వీసా ఫీజు, ఇన్సూరెన్స్, ఆఫర్లో దొరికిన ఫ్లైట్ టికెట్లు, బ్యాగులో సగం పచ్చళ్లు. ఇదీ మా ఇటలీ ట్రిప్.

చూడనివాళ్లకి కొంచెం మ్యాప్ చెప్తాను. కోమో సరస్సు తలకిందులుగా రాసిన ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది. పై కొస ఆల్ప్స్ కొండల వైపు. ఎడమ కాలి చివర కోమో పట్నం, కుడి కాలి చివర లెక్కో, రెండు కాళ్లూ కలిసే మొన మీద బెల్లాజో. ఎప్పుడో హిమనదాలు తొలిచిన లోయ ఇది. విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లే కానీ లోతు 400 మీటర్లకి పైనే. చార్మినార్లు ఏడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైది మునిగిపోతుంది. అద్దా నది ఉత్తరాన లోపలికొచ్చి లెక్కో దగ్గర బయటికి వెళ్తుంది. పొద్దున ఉత్తరం నుంచి ఒక గాలి, దాని పేరు తివానో. మధ్యాహ్నం దక్షిణం నుంచి ఇంకో గాలి, అది బ్రేవా. మోటార్లు లేని రోజుల్లో సరుకు పడవలు ఈ రెండు గాలుల టైమింగ్ మీదే తిరిగేవి. గాలికి పేరు పెట్టారంటే దాంతో పనుండబట్టే కదా.

విల్లాలు అందంగా లేవని నేను అనను. అలా అంటే అబద్ధం. నీళ్లలోకి దిగే మెట్లు, పసుపుపచ్చ గోడలు, వెనకాల నిటారుగా కొండ. చూస్తే నోట మాట రాదు. పైగా ఈ విల్లా సరదా నిన్నామొన్నటిది కాదు. చిన్న ప్లినీ అని రోమన్ రచయిత కోమోలోనే పుట్టాడు. ఆయనకి ఈ సరస్సు ఒడ్డున చాలా ఇళ్లుండేవి. అందులో రెండింటికి ట్రాజెడీ, కామెడీ అని పేర్లు పెట్టుకున్నాడు. ట్రాజెడీ వేసే నటులు ఎత్తు మడమల బూట్లు వేసుకునేవాళ్లు కాబట్టి బండ మీద ఎత్తుగా ఉన్న ఇల్లు ట్రాజెడీ. కామెడీ వాళ్లవి పల్చటి చెప్పులు, కాబట్టి నీటి అంచున ఉన్నది కామెడీ. ఆ కింది ఇంట్లో అయితే మంచం మీంచే గాలం వేయొచ్చని ఒక ఉత్తరంలో రాశాడు. 1900 ఏళ్ల కిందటి లేక్ వ్యూ రూమ్ అన్నమాట.

తర్వాత కార్డినళ్లు వచ్చారు. చెర్నోబ్బియోలో 1568లో ఒక కార్డినల్ కట్టించుకున్న విల్లా దెస్తే 1873 నుంచి హోటల్‌గా నడుస్తోంది. అంబానీల ఇంటి నిశ్చితార్థం సంబరాలు జరిగింది కూడా ఈ సరస్సు దగ్గరే. లాల్యో అనే చిన్న ఊళ్లో జార్జ్ క్లూనీ ఇల్లు కొన్నాడు. పడవ ఆ ఊరి ముందు నుంచి వెళ్లేటప్పుడు జనమంతా ఫోన్లు పట్టుకుని ఒకే వైపుకి చేరతారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "పడవ ఒరిగిపోతుందేమోనే" అంది. ఆయన ఎవరో అమ్మకి తెలీదు. చెప్తే, "అయితే ఆయన ఇంట్లో లేడు కదా, ఏం చూస్తున్నారు వీళ్లు?" అని అడిగింది. ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నాకు ఆ విల్లాల్లో నచ్చింది వేరే విషయం. వాటిలో మంచివి చాలావరకు ఇవాళ ఎవరి సొంతమూ కావు. దీపికా పెళ్లి జరిగిన బాల్బియానెల్లోనే తీసుకోండి. 1787లో కార్డినల్ దురీనీ కట్టించాడు. చివరి యజమాని గ్విదో మొన్జీనో కొండలెక్కే మనిషి. 1973లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి ఇటలీ బృందానికి నాయకుడు. 1988లో చనిపోతూ ఆ విల్లాని వారసత్వ కట్టడాలు కాపాడే ఎఫ్‌ఏఐ అనే సంస్థకి రాసిచ్చేశాడు. ఇవాళ టికెట్ కొన్న ఎవరైనా ఆ తోటలో నడవొచ్చు, ఆయన యాత్రల సామాను చూడొచ్చు. త్రెమెజ్జోలో విల్లా కార్లొత్తా కథ ఇంకా మనకి దగ్గర. ఒక రాకుమారి తన కూతురు కార్లొత్తాకి పెళ్లికానుకగా ఇచ్చింది, మన భాషలో పసుపుకుంకుమ కింద. అందుకే ఆ పేరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ వారసుల నుంచి ఇటలీ ప్రభుత్వం దాన్ని తీసేసుకుంది. 1927 నుంచి ఒక పబ్లిక్ సంస్థ చూసుకుంటోంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే అక్కడ అజేలియా పూలు గోడలు కట్టినట్టు పూస్తాయి. వరెన్నాలో విల్లా మొనాస్తెరో ఒకప్పుడు సన్యాసినుల మఠం. ఇప్పుడు లెక్కో జిల్లా పాలకుల చేతిలో ఉంది. 1953 నుంచి అక్కడ ఫిజిక్స్ సమ్మర్ స్కూల్ జరుగుతోంది. 1954 వేసవిలో ఎన్రికో ఫెర్మీ స్వయంగా అక్కడ పాఠాలు చెప్పాడు. అదే ఏడాది నవంబర్‌లో చనిపోయాడు.

అంటే, మనం "రాయల్" అని రీల్ పెడుతున్న చోట్లన్నీ రాజులూ దొరలూ వదులుకున్నవో, పోగొట్టుకున్నవో. గేటు తెరుచుకున్నాకే మనకి అందం కనిపించింది. ఇది మర్చిపోయి, గేటు మూసి ఉన్న రోజుల వైభోగాన్ని ఒక్క పూట అద్దెకి తీసుకున్నట్టు పోజులివ్వడం నాకు నచ్చదు.

ఇంక డబ్బు లేనివాళ్ల కోమో గురించి. ఈ ఊళ్లని కొన్ని వందల ఏళ్లు పోషించిన వాటిలో పట్టు ఒకటి. కొండ వాలుల్లో మల్బరీ చెట్లు, రైతుల ఇళ్లల్లో పట్టుపురుగులు, ఒడ్డున దారం తీసే మిల్లులు. ఇప్పుడు పురుగుల పెంపకం పోయింది, ముడి పట్టు ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. కానీ రంగులద్దడం, ప్రింటింగ్ లాంటి పనులకి కోమో ఇప్పటికీ పెద్ద పేరు. పెద్ద పెద్ద ఫ్యాషన్ బ్రాండ్ల స్కార్ఫులూ టైలూ ఇక్కడ తయారవుతాయి. కోమోలో ఒక పట్టు మ్యూజియం ఉంది. మేం వెళ్లినప్పుడు లోపల పట్టుమని పదిమంది లేరు.

మా అమ్మ పుట్టిల్లు హిందూపురం దగ్గర పల్లె. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, అక్కడివాళ్లకి తెలుసు. అమ్మ చిన్నప్పుడు తాతయ్య షెడ్డులో పురుగులకి ఆకు వేసింది. మ్యూజియంలో గూళ్లు ఉడికించి దారం తీసే తొట్టి చూడగానే అమ్మ అక్కడే ఆగిపోయింది. పక్కనున్న బోర్డు ఇంగ్లిష్‌లో ఉంది, నేను చదివి చెప్పబోయాను. "నువ్వు చదవొద్దులే, నేను చెప్తా విను" అని మొదలుపెట్టింది. వేడినీళ్లలో చేతులు పెట్టి పెట్టి ఆడవాళ్ల వేళ్లు ఎలా పాచిపోయేవో, ఆ పురుగు వాసన ఇంటికొచ్చినా ఎలా పోయేది కాదో, గూళ్లు అల్లే చంద్రికల్ని ఎండకి ఎలా తిప్పేవాళ్లో. నాకు వీటిలో చాలా మాటలు తెలీవు. కోమో మిల్లుల్లో పనిచేసిన ఆడపిల్లల ఫొటోలు గోడ మీద ఉంటే, అమ్మ వాళ్ల చేతులనే చూస్తూ నిలబడింది. ఆరు రోజుల్లో అమ్మకి తనదిగా అనిపించిన చోటు అదొక్కటే. ఆ మ్యూజియం నాకు ఏ టాప్ టెన్ లిస్టులోనూ కనపడలేదు.

ఇప్పుడు రెండో పెళ్లి. ఆ నవల పేరు ఇంగ్లిష్‌లో ద బెట్రోథ్‌డ్, అంటే పెళ్లి నిశ్చయమైన జంట. రాసింది అలెస్సాండ్రో మాన్జోనీ, 1827లో వచ్చింది. ఇటలీలో స్కూలు పిల్లలందరూ చదవాల్సిన పుస్తకం. కథ 1628లో, స్పెయిన్ పాలన రోజుల్లో, ఇదే సరస్సు లెక్కో కాలు దగ్గర మొదలవుతుంది. హీరో రెంజో పట్టు పనివాడు. హీరోయిన్ లూచియా కూడా పట్టు మిల్లు పిల్లే. పైన గుట్ట మీద కోటలాంటి ఇంట్లో ఉండే దొర డాన్ రోడ్రిగో కన్ను లూచియా మీద పడుతుంది. వాడి గూండాలు దారి కాసి, ఈ పెళ్లి చేశావో చచ్చావే అని ఫాదర్‌ని బెదిరిస్తారు. పిరికి ఫాదర్ రకరకాల సాకులు చెప్పి పెళ్లి వాయిదా వేస్తాడు. చివరికి ఆ ఇద్దరూ లూచియా వాళ్లమ్మతో కలిసి రాత్రిపూట పడవెక్కి, పుట్టిన ఊరు వదిలి పారిపోతారు.

నేను ప్రయాణానికి ముందు ఇంగ్లిష్ అనువాదం సగం చదివాను, మిగతా సగం వచ్చాక పూర్తి చేశాను. అందులో అందమైన ఇల్లున్నవాడే విలన్. సరస్సు అందమంతా పడవలో కూర్చుని ఇల్లు వదిలి వెళ్తున్న ఒక పేదపిల్ల కళ్లతో చూపిస్తాడు. సరస్సులో తిరిగే పాతకాలపు చెక్క పడవని ఇప్పటికీ లూచియా అనే పిలుస్తారు. పైన గుడారం గుడ్డ కప్పడానికి మూడు వంపు కర్రలుంటాయి, మన ఎడ్లబండి గూడులాగా. లెక్కోలో పెస్కరెనికో అనే జాలర్ల పేట ఇంకా ఉంది. నవలలో వచ్చే పేట అదే. అక్క గది వెతుక్కుంటూ తిరిగిన సందుల్లో అదీ ఒకటి.

ఇంకో ముక్క, ఇది మన క్లబ్ కోసం. మాన్జోనీ ఆ నవల అచ్చయ్యాక దాన్ని మళ్లీ మొత్తం తిరగరాశాడు. పుస్తకాల భాష వదిలేసి ఫ్లారెన్స్ జనం నిజంగా మాట్లాడే భాషలోకి మార్చి 1840 నుంచి 1842 దాకా మళ్లీ అచ్చు వేయించాడు. మనకి గిడుగు రామమూర్తి పంతులు గారు చేసిన గొడవ లాంటిదే అక్కడా నడిచిందన్నమాట. ఇంగ్లిష్ మీడియం పిల్లని, ఇలా రాస్తున్నానని నవ్వుకునే సీనియర్లకి ఇది నా తరఫున.

సీఎస్ఈ, ఈసీఈ వాళ్లు కోమోకి వెళ్తే మొక్కుకోవాల్సిన గుడి ఒకటుంది. పేరుకి నిజంగానే గుడి, తెంపియో వోల్తియానో. వోల్టు అనే యూనిట్‌కి పేరిచ్చిన అలెస్సాండ్రో వోల్టా 1745లో కోమోలో పుట్టాడు. 1800లో ఆయన ప్రకటించిన బ్యాటరీ నుంచే మన ఫోన్ల దాకా దారి మొదలైంది. 1899లో ఒక ఎగ్జిబిషన్‌లో నిప్పంటుకుని ఆయన పరికరాలు చాలా కాలిపోయాయి. మిగిలినవీ, మళ్లీ తయారుచేసినవీ సరస్సు ఒడ్డున ఆ భవనంలో పెట్టారు. 1927లో వోల్టా చనిపోయి వందేళ్లయిన సందర్భంగా కోమోలో ఫిజిక్స్ మహాసభ జరిగింది. నీల్స్ బోర్ తన కాంప్లిమెంటారిటీ ఆలోచనని మొదట బయటపెట్టింది అక్కడే. మన దేశం నుంచి మేఘనాథ్ సాహా, దేవేంద్ర మోహన్ బోస్ వెళ్లారు. 1927లో ఓడలో వెళ్లి కోమోలో కూర్చున్న ఇద్దరు భారతీయుల గురించి మనలో ఎంతమందికి తెలుసు? 2018లో వెళ్లిన ఇద్దరి బట్టలు కుట్టిన డిజైనర్ పేరు కూడా తెలుసు.

ఇప్పటిదాకా చెప్పింది అభిరుచి గొడవ. మీకు విల్లా ఇష్టం, నాకు మ్యూజియం ఇష్టం, ఎవరిష్టం వాళ్లది అనుకోవచ్చు. కానీ దీనివల్ల నష్టపోతున్నవాళ్లున్నారు. మా అక్క కథ వినండి.

అక్క మొదటి ఏడాది లెక్కోలో క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది తీసుకుంది. ఓనర్ పెట్టిన షరతు ఒక్కటే, మే నెలాఖరుకి ఖాళీ చేసేయాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ గదిని టూరిస్టులకి రోజు లెక్కన ఇస్తాడు. విద్యార్థి నెలంతా ఇచ్చే అద్దె టూరిస్టు నుంచి కొన్ని రోజుల్లో వచ్చేస్తుంటే ఆయన మాత్రం ఎందుకు వదులుకుంటాడు. కానీ ఇటలీ యూనివర్సిటీల్లో పరీక్షలు జూన్, జులైలోనే. సరిగ్గా పరీక్షల ముందు రెండు సూట్‌కేసులూ రైస్ కుక్కరూ పట్టుకుని అక్క రోడ్డు మీద పడింది. చివరికి రైల్లో 40 నిమిషాల దూరంలో ఒక గది దొరికింది. మేం వెళ్లింది ఆ గదికే. ముగ్గురం చాపలు పరుచుకుని పడుకున్నాం. అక్క తెల్లవారుజామున లేచి సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని చదువుకునేది, మాకు నిద్ర చెడుతుందని.

అక్క ఒక్కదానిదే కాదు ఈ బాధ. బెల్లాజో, వరెన్నా లాంటి చోట ఇల్లనేది పెట్టుబడి అయిపోయాక అక్కడ పుట్టిన పిల్లలే పెళ్లయ్యాక వేరే చోటికి వెళ్తున్నారని అక్కకి ఇటాలియన్ నేర్పిన టీచరమ్మ చెప్పిందట. నవలలో డాన్ రోడ్రిగో గూండాల్ని పంపి ఊరొదిలేలా చేశాడు. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ బెదిరించరు, చాలా మర్యాదగా బుకింగ్ యాప్ ఆ పని చేస్తుంది. యాప్‌కి అవతలి పక్క వేలు నొక్కేది మనమే.

ఈ మాట నా రూమ్మేట్‌తో అంటే, "అందని ద్రాక్ష పుల్లన" అంది. నీ దగ్గర డబ్బుంటే నువ్వూ విల్లాలోనే దిగుతావు అని. నిజమే, ఎవరైనా ఊరికే ఇస్తే దిగనని చెప్పలేను. తన రెండో పాయింట్ ఇంకా గట్టిది. టూరిస్టులు రాకపోతే ఆ ఊళ్లు ఏం తింటాయి? పట్టు పురుగులు పోయాయి, చేపల మీద బతికేవాళ్లు తగ్గిపోయారు, హోటళ్లే కదా ఇప్పుడు ఉద్యోగాలు. ఇది కూడా నిజం. మా అమ్మలాంటి ఆడవాళ్లెందరో ఆ హోటళ్లలో దుప్పట్లు మడతపెట్టి పిల్లల్ని చదివిస్తున్నారు. వెళ్లొద్దని నేను అనట్లేదు, నేనే వెళ్లొచ్చాను. ఎలా వెళ్తున్నామన్నదే నా గొడవ. పొద్దున తొమ్మిదింటికి మిలాన్‌లో రైలెక్కి, గంటలో వరెన్నాలో దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, తెచ్చుకున్న బిస్కెట్లే తిని, ఆరింటికి వెనక్కి వెళ్లే మనిషి వల్ల ఆ ఊరికి మిగిలేది క్యూలూ చెత్తా. అదే మనిషి అదే డబ్బుతో ఒక మామూలు హోటల్లో రెండు రాత్రులు ఉండి, ఒడ్డున భోజనం చేస్తే ఊరికి కూలి ముడుతుంది.

అమ్మకానికి హద్దు ఎక్కడుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024లో కోమో గాలిని డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. 400 మిల్లీలీటర్లు, 9.90 యూరోలు. తివానో, బ్రేవా అని పేర్లు పెట్టుకున్న గాలి! మూత తీస్తే అయిపోయే వస్తువు. నవ్వొస్తుంది కానీ, విల్లా గేటు ముందు తీసుకున్న సెల్ఫీ కూడా దాదాపు అలాంటి డబ్బానే అని నా అభిప్రాయం.

సరే, విమర్శ అయింది. రేపు మీలో ఎవరైనా యూరప్ వెళ్తే, లేదా అక్కడున్న అన్నయ్యల్నీ అక్కల్నీ చూడటానికి అమ్మానాన్నల్ని తీసుకెళ్తే, మాకు పనికొచ్చినవి చెప్తాను.

ఒకే ఊళ్లో కనీసం మూడు రాత్రులు ఉండండి. బెల్లాజోనే కానక్కర్లేదు. మెనాజో, బెల్లానో, కొలికో, లెక్కో, ఎక్కడున్నా నీళ్లు అవే, కొండలు అవే. వీలైతే హోటల్ లేదా హాస్టల్ తీసుకోండి. ఇల్లే తీసుకోవాలంటే ప్రకటనలో సీఐఎన్ అనే కోడ్ ఉందో లేదో చూడండి. రోజువారీ అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ఇటలీ ప్రభుత్వం ఆ నంబర్ తప్పనిసరి చేసింది. అది లేని ఇల్లు లెక్కలో లేని ఇల్లు.

సొంత స్పీడ్‌బోట్ అద్దెకి తీసుకోకండి, పబ్లిక్ పడవ ఎక్కండి. మన ఆర్టీసీ బస్సు లాంటిదే. స్కూలు పిల్లలు, కూరగాయల సంచులతో ముసలమ్మలు, సైకిళ్లు, కుక్కలు, మధ్యలో మనం. రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగే టికెట్ ఉంటుంది. వరెన్నా నుంచి బెల్లాజో పావుగంట. ఏ విల్లా అయినా అందంగా కనిపించేది నీళ్ల మీంచే. దాని కోసం విల్లా ఓనర్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.

నడవండి. పడమటి ఒడ్డున కొలొన్నో నుంచి గ్రియాంతె దాకా గ్రీన్‌వే అని 10 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పాత సందులూ, ఇళ్ల పెరళ్లూ, చర్చిల మధ్య నుంచి వెళ్తుంది. మా అమ్మ చెప్పులతోనే సగం నడిచింది. వరెన్నా పక్కన ఫ్యూమెలాత్తె అనే ఏరు చూడండి. కొండలోంచి పుట్టి దాదాపు 250 మీటర్లు పారి సరస్సులో కలిసిపోతుంది, అంతే. వసంతంలో మొదలై శరత్కాలం దాటాక ఆగిపోతుంది. లియొనార్డో డావిన్చీ కూడా దాని గురించి రాసుకున్నాడు. నురగతో తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అర్థం పాల ఏరు. మన ఖమ్మం జిల్లాలో పాలేరు ఉన్నట్టే.

తిండి విషయంలో భయపడకండి. ఇక్కడి కొండ ప్రాంతాల పాత తిండి పొలెంతా, మొక్కజొన్న పిండితో కెలికిన సంకటి. దాంతోపాటు మిస్సోల్తీని అని, సరస్సు చేపల్ని ఉప్పు పెట్టి ఎండబెట్టి బిర్యానీ ఆకుల్లాంటి ఆకుల మధ్య పేర్చి నొక్కిపెట్టినవి కాల్చి ఇస్తారు. అమ్మ చేప ముట్టలేదు కానీ, పొలెంతా మాత్రం తెచ్చుకున్న గోంగూర పచ్చడితో లాగించేసింది. పక్క టేబుల్ పెద్దాయన అడిగి మరీ కొంచెం పచ్చడి రుచి చూశాడు. రెండు గ్లాసుల నీళ్లు తాగాడు పాపం.

జులై, ఆగస్టు వదిలేయండి. ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ చివర, అక్టోబర్ మంచివి. రద్దీ తక్కువ, ధరలు తక్కువ.

మనలో చాలామంది ఇంకో రెండు మూడేళ్లలో ఎంఎస్‌కో ఉద్యోగానికో ఏదో ఒక పరాయి ఊరికి వెళ్లేవాళ్లమే. చాలా ఊళ్లని ఒక్కరోజు టూరిస్టులుగా చూస్తాం, ఒక్క ఊళ్లో మాత్రం అద్దెకుండేవాళ్లుగా ఏళ్ల తరబడి బతుకుతాం. అక్కడ మన గది వారం వారం వచ్చే అతిథుల కోసం ఖాళీ చేయమంటే మనకి ఎలా ఉంటుందో, మనం అతిథిగా వెళ్లిన ప్రతిచోటా ఎవరికో అలాగే ఉంటుంది. ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు.

అక్కకి ఈ జూన్‌లో మళ్లీ పరీక్షలున్నాయి. మళ్లీ గది వెతుకుతోంది. లెక్కోలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే మ్యాగజైన్ టీమ్‌కి చెప్పండి.